డీఎన్‌ఏ కిట్ 219 అంది, బాపమ్మ కుండమార్పిడి అంది

ఉమ్మి నింపే ట్యూబు, దాని మీద బార్‌కోడ్, ఫోన్‌లో ఒక యాప్. హోమ్ డీఎన్‌ఏ కిట్ అంటే ఇంతే. పోయిన దసరాకి అమెరికా నుంచి వచ్చిన మా బావ ఒకటి తెచ్చాడు. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా గీత దాకా ఉమ్మి నింపాను. మూతలో ఉన్న ద్రవం కలిసేలా ఊపి, బావ బ్యాగులోనే తిరిగి పంపించాను. ఇక్కడ మనం ఫోన్లు, ఇయర్‌బడ్స్ టెస్ట్ చేసినట్టే దీన్ని కూడా వాడి రేటింగ్ ఇచ్చేద్దామని ప్లాన్. కానీ రేటింగ్ ఇవ్వట్లేదు. ఈ కిట్ చూపించిన ఒక్క నంబర్ పట్టుకుని, చనిపోయిన మా తాతని రెండు వారాల పాటు అనుమానించాను. నంబర్ కరెక్టే. దాన్ని చదవడం నాకు రాలేదు. మీలో ఎవరైనా ఈ కిట్ కొనేముందు ఆ చదవడం నేర్చుకుంటారని ఇది రాస్తున్నా.

ముందు, అందరూ స్క్రీన్‌షాట్ పెట్టుకునే శాతాల సంగతి. నాకు మ్యాపు మీద దక్షిణ భారతం మొత్తం రంగు పూసి 90 పైన శాతం చూపించింది. "దీనికి అమెరికా దాకా ఎందుకురా, నన్నడిగితే చెప్పకపోదునా" అంది అమ్మ. మన డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, ఈ చిప్‌లు మనిషికీ మనిషికీ తేడా వచ్చే ఆరేడు లక్షల చోట్లు మాత్రమే చదువుతాయి. వాటిని కంపెనీ దగ్గరున్న రిఫరెన్స్ శాంపిల్స్‌తో పోలుస్తాయి. ఆ శాంపిల్స్‌లో మన జిల్లా వాళ్లు లేకపోతే మన జిల్లా రిజల్ట్‌లోకి రాదు. బోధన్ అని చెప్పే మెషీన్ కోసం చూడకండి.

అసలు విషయం రెండో ట్యాబ్‌లో ఉంటుంది, మ్యాచ్‌లు. ఇద్దరిలో ఒకేలా ఉన్న డీఎన్‌ఏ ముక్కల పొడవుని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. మొత్తం లెక్క సుమారు 7,000 అనుకోండి. అమ్మతో, నాన్నతో దాంట్లో సగం కలుస్తుంది. నా లిస్ట్‌లో పైన న్యూజెర్సీలో ఉండే ఒకావిడ, మూలాలు షోలాపూర్ అని ఉంది. 219 సెంటీమోర్గాన్లు, 16 ముక్కలు. పక్కన లేబుల్: సెకండ్ కజిన్.

సెకండ్ కజిన్ అంటే ముత్తాత, ముత్తవ్వ ఇద్దరికీ ఒకరే అయిన వాళ్లు. మా వాళ్ల లిస్ట్‌లో ఆవిడ ఇల్లు లేదు. అదే నంబర్‌కి ఇంకేం చుట్టరికాలు సరిపోతాయని నొక్కి చూస్తే, "హాఫ్ ఫస్ట్ కజిన్, ఒక తరం తేడా" అని వచ్చింది. అంటే తాతకి ఇంకో సంసారం ఉండి ఉంటే, ఆవిడ ఆయన మునిమనవరాలై ఉండాలి.

ఇక్కడ మా తాత గురించి కొంచెం చెప్పాలి. మాది ఆర్మూర్ వైపు పల్లెలో మగ్గం ఇల్లు. తాత 1950ల్లో మగ్గం వదిలేసి బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చేరాడు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా నాన్న తరం ఆ సైరన్ విని లేచింది. నిజాంసాగర్ కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతుల క్యాంపులు ఒకవైపు, ఫ్యాక్టరీ క్వార్టర్లు ఒకవైపు. బోధన్ చుట్టూ ఎవర్ని అడిగినా కథ ఇంకో ఊర్లో మొదలవుతుంది. తాత మొదటి మూడేళ్లు ఒక్కడే క్వార్టర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత కూడా ప్రతి ఏడాది క్రషింగ్ అయిపోగానే షోలాపూర్ వెళ్లొచ్చేవాడు. ఎందుకో ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఒంటరి క్వార్టర్, షోలాపూర్, 219. నా బుర్రలో కేసు క్లోజ్.

నాన్నతో కూడా టెస్ట్ చేయిస్తే తేలిపోతుందనుకున్నా. కాగితం మీద లెక్క వేస్తే తేలదని తెలిసింది. ఆ లెక్క మీరూ వేసి చూడండి, కష్టం కాదు. మీ నుంచి ఉమ్మడి పూర్వీకుడి దాకా పైకి, అక్కడి నుంచి అవతలి మనిషి దాకా కిందికి మెట్లు లెక్కపెట్టాలి. ఒక్కో మెట్టుకి సగం. ఎంతమంది ఉమ్మడి పూర్వీకులుంటే అన్నిసార్లు కలపాలి. మామూలు సెకండ్ కజిన్‌కి ఆరు మెట్లు, ఇద్దరు పూర్వీకులు: 2/64, అంటే 1/32. తాతకి ఇంకో సంసారం అనే నా థియరీకి అయిదు మెట్లు, ఒక్కడే పూర్వీకుడు: మళ్లీ 1/32. 7,000లో 1/32 అంటే దాదాపు 219. రెండు కథలు, ఒకటే నంబర్. మూడో కథ కూడా ఉంటుందని నాకు తట్టలేదు. ఎందుకంటే నేను ఫ్యామిలీ ట్రీ అనుకుంటున్నా, అంటే కొమ్మలు విడిపోవడమే తప్ప మళ్లీ కలవని డేటా స్ట్రక్చర్.

మన ఇళ్లలో కలుస్తాయి. మేనత్త కొడుకుని చేసుకున్న అమ్మాయి పిల్లలకి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండాల్సింది ఆరుగురే ఉంటారు. మేనమామని చేసుకుంటే ఇంకా గమ్మత్తు, ఒకే మనిషి ఒక వైపు నుంచి తాత, ఇంకో వైపు నుంచి ముత్తాత. మనకి కావాల్సింది ట్రీ కాదు, గ్రాఫ్. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గ్రాంప్స్‌లో ఇలాంటివి ఇబ్బంది లేకుండా ఎక్కించొచ్చు. ఒకే మనిషిని రెండుసార్లు కొత్తగా క్రియేట్ చేయకుండా ఉంటే చాలు.

కాగితాల వేట కూడా చేశాను. తెలంగాణలో పాత పేర్లు వెతకాలంటే అందరూ ముందు చెప్పేది 1954-55 ఖాస్రా పహాణీ. భూమి ఉన్నవాళ్లకి అది బంగారం. మగ్గం ఇంటికి అందులో ఏముంటుంది? పెట్టెలో మిగిలింది తాత స్కూల్ సర్టిఫికెట్ ఒకటే, అదీ ఉర్దూలో. ఫోన్ కెమెరా ట్రాన్స్‌లేషన్ అచ్చు అక్షరాల వరకు బాగానే లాగింది, చేతిరాత దగ్గర చేతులెత్తేసింది. చివరికి మా గల్లీలో రిటైర్డ్ ఉర్దూ సార్ చాయ్ తాగుతూ రెండు నిమిషాల్లో చదివేశారు. "వల్ద్" తర్వాత ముత్తాత పేరు, పుట్టిన సంవత్సరం 1345 ఫసలీ. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, అంటే 1935. ఇది గుర్తుంచుకోండి, నిజాం కాలం కాగితం ఏది దొరికినా పనికొస్తుంది. కానీ షోలాపూర్ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మిగిలింది బాపమ్మ. భయంగానే కూర్చున్నా. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాల మీద ఉంచి, ఫ్యాన్ ఆపేసి రికార్డర్ ఆన్ చేశాను. నేరుగా అడిగే ధైర్యం లేదు. "తాత షోలాపూర్‌ల ఎవరింటికి పోతుండె?" అన్నాను.

బాపమ్మ చాలాసేపు చీర కొంగు సర్దుకుంది. రికార్డింగ్‌లో ఆ గ్యాప్ నలభై సెకన్లు ఉంది, నేను ఎడిట్ చేయలేదు.

"మీ తాతకు సొంత మేనత్త బిడ్డా ఆమె. ఆమె మొగుడే మీ తాత మేనమామ. మా మామ చెల్లెను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను మా మామకు తెచ్చిండ్రు. కుండమార్పిడి. వాళ్లు మగ్గం పని మీద షోలాపూర్ పోయిండ్రు. వాళ్ల బిడ్డనే మీ తాతకు చేస్తమనుకున్నరు. మీ తాత నన్ను చేసుకుండు. గంతే, రాకపోకలు బందైనయ్. మేనత్త పానం ఆగక మీ తాత ఒక్కడు పోయొస్తుండె. నేను అడగలే, ఆయన చెప్పలే."

ఆ రాత్రి మళ్లీ లెక్క వేశాను. కుండమార్పిడి అంటే రెండు ఇళ్ల అన్నాచెల్లెళ్లు అటూ ఇటూ మారి పెళ్లి చేసుకోవడం. ఆ రెండు జంటల పిల్లలు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కజిన్స్. న్యూజెర్సీ ఆవిడ ఆ మేనత్త మనవరాలైతే ఏడు మెట్లు, కానీ ఉమ్మడి పూర్వీకులు నలుగురు: 4/128. అదే 1/32. నాన్నకి టెస్ట్ చేయించినా ఏ కథకైనా 1/16 దగ్గరే వచ్చేది. ముక్కలు 16 ఉండటం, పెద్దపెద్దవి లేకపోవడం దూరపు చుట్టరికం రెండు దారుల్లో వచ్చిందని సూచన ఇస్తోంది. అది సూచన మాత్రమే. ఆవిడకి మెసేజ్ పెట్టి ఒక్కటే అడిగాను, "మీ నానమ్మ పుట్టింటి పేరు ఏంటి?" మరాఠీ స్పెల్లింగ్‌లో మా ఇంటిపేరు వచ్చింది. సర్టిఫికెట్లలో కనపడేది ఎప్పుడూ అత్తింటి పేరే. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగేటప్పుడు ఆడవాళ్ల పుట్టింటి పేర్లు ముందు రాసుకోండి, ముడులు విప్పేది అవే.

ఇది మా ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో నేచర్ పత్రికలో 25 సమూహాలకి చెందిన 132 మంది డీఎన్‌ఏ మీద పేపర్ వేశారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్న గుర్తులు మన సమూహాల్లో గట్టిగా కనిపించాయి. 2017లో ఇంకా పెద్ద పరిశీలనలో 263లో 81 సమూహాల్లో ఆ గుర్తు ఫిన్లాండ్ వాళ్లకంటే బలంగా ఉంది. అలాంటి చోట ముక్కూమొహం తెలియని ఇద్దరికి కూడా చిన్నచిన్న ముక్కలు చాలా కలుస్తాయి. యాప్ వాటిని కూడి దగ్గరి చుట్టం అని లేబుల్ వేస్తుంది. అందుకే లేబుల్‌ని ఒక తరం దూరం జరిపి చదవడం నా అలవాటైంది.

ప్రైవసీ గురించి ఒక్క మాట. 2023లో ట్వంటీత్రీ అండ్ మీలో పాత పాస్‌వర్డ్‌లతో దొంగలు దూరింది సుమారు 14,000 అకౌంట్లలోకే. బంధువుల ఫీచర్ ద్వారా బయటికి పోయింది 69 లక్షల మంది సమాచారం. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. నేను టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నా, రా డేటా డౌన్‌లోడ్ చేసుకుని మ్యాచింగ్ ఆఫ్ చేశాను. అయినా నా ఉమ్మిలో నాన్నది సగం ఉంది. ఆయన్ని అడగకుండానే పంపించేశానన్నది ఇప్పటికీ గుచ్చుతోంది.

పోయిన నెల వీడియో కాల్‌లో బాపమ్మకి ఆవిడని చూపించాను. ఇద్దరికీ కలిసిన భాష షోలాపూర్ తెలుగు. "నీ ముక్కు గా మేనత్తదే" అంది బాపమ్మ, తర్వాత చాలాసేపు వాళ్ల అమ్మకి పెళ్లెక్కడైందో అడిగి తెలుసుకుంది. నాన్న పక్కనే కూర్చుని విన్నాడు. ఆ రెండు వారాల సంగతి మాత్రం ఆయనకి ఇంకా చెప్పలేదు. ఈ సైట్ చూడడు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.