ఆ 30 కిలోలు ఎవరివి?

కోటగిరి నుంచి బోధన్‌కో, బాన్సువాడకో పోయే దారిలో బియ్యం బస్తాల లారీలను మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. మనది నిజాంసాగర్ నీటితో పండే వరి సీమ. 1923లో మొదలైన ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. అప్పటి నుంచీ వడ్లు, మిల్లు, బస్తా, హమాలీ అనే మాటలు మన ఇళ్లలో రోజూ వినబడేవే.

అయితే ఎప్పుడైనా ఈ ప్రశ్న వేసుకున్నారా? ఒక లారీలో సరిగ్గా ఎన్ని బస్తాలు వేయాలో గోడౌనులో ఎలా నిర్ణయిస్తారు? "ఇందులో ఏముంది సార్, భాగిస్తే సరిపోతుంది" అంటారు మీరు. భాగించి చూద్దాం రండి.

ఒక దుకాణం లెక్క

ఒక ఊళ్లో రేషను దుకాణం ఉందనుకుందాం. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున, అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి మొత్తం 35 కిలోలు బియ్యం ఇస్తారు. మన దుకాణం కింద మొదటి రకం కార్డుల్లో 365 మంది ఉన్నారు. అంత్యోదయ కార్డులు 4 ఉన్నాయి.

365 × 6 = 2,190 కిలోలు
4 × 35 = 140 కిలోలు
మొత్తం 2,330 కిలోలు.

గోడౌనులో బియ్యం 50 కిలోల బస్తాల్లో ఉంటుంది. 2,330ని 50తో భాగిస్తే భాగఫలం 46, శేషం 30. అంటే 46 బస్తాలు, ఇంకా 30 కిలోలు. ఈ 30 కిలోల కోసం గోడౌనులో బస్తా కుట్టు విప్పరు. విప్పితే తూకం మళ్లీ వేయాలి, గింజ నేలపాలవుతుంది, సగం బస్తాకు లెక్క తప్పుతుంది. కాబట్టి బస్తాల సంఖ్య పూర్ణాంకమే కావాలి.

మూడు దారులు

ఇప్పుడు మన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, కిందికి సవరించడం. 46 బస్తాలే పంపుతాం. 30 కిలోలు తగ్గుతాయి.

రెండోది, పైకి సవరించడం. 47 బస్తాలు పంపుతాం. 20 కిలోలు ఎక్కువవుతాయి.

మూడోది, దగ్గరి పూర్ణాంకానికి సవరించడం. 46.6కు దగ్గరిది 47. అదే 46.4 అయివుంటే 46.

ఈ పాఠం చెబుతున్నప్పుడు తరగతిలో ఎవరో ఒకరు తప్పక అంటారు: "30 కిలోలే కదా సార్, వదిలేస్తే ఏమవుతుంది?" వదిలేసేముందు ఆ 30ని 6తో భాగించండి. అయిదు వస్తుంది. అది అయిదుగురు మనుషుల నెల బియ్యం. కాగితం మీద శేషంగా కనబడింది, ఊళ్లో ఒక కుటుంబం.

"అయితే అందరికీ పైకే సవరిద్దాం" అంటారా? ఒక గోడౌను కింద 25 దుకాణాలున్నాయనుకోండి. ఒక్కొక్కటీ 20 కిలోలు ఎక్కువ తీసుకుంటే 500 కిలోలు, అంటే 10 బస్తాలు అదనంగా పోతాయి. గోడౌనుకు వచ్చిన సరుకు సరిగ్గా లెక్కకు సరిపోయేదే అయితే, ముందు లారీ వెళ్లిన ఊళ్లకు ఎక్కువ, చివరి లారీ వెళ్లే ఊరికి తక్కువ. ఆ చివరి ఊరు ప్రతి నెలా అదే ఊరైతే?

బస్తా నుంచి పాలెట్‌కు

పెద్ద నగరాల గోడౌనుల్లో ఈ లెక్కకు ఇంకో మెట్టు ఉంటుంది. అక్కడ బస్తాలను పాలెట్ అనే చెక్కబల్ల మీద పేరుస్తారు. ప్రపంచంలో ఎక్కువగా వాడే కొలతల్లో ఒకటి 1,200 × 1,000 మిల్లీమీటర్లు. బల్ల అడుగున ఖాళీ సందులుంటాయి. ఫోర్క్‌లిఫ్ట్ అనే బండి తన రెండు ఇనుప నాలుకలను ఆ సందుల్లోకి దూర్చి బల్లను సరుకుతో సహా ఎత్తుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సామగ్రి చేరవేతకు వీటిని విరివిగా వాడింది. ఆ తర్వాత ఇవి దేశదేశాలకూ పాకాయి.

మన లెక్క కోసం ఒక పాలెట్ మీద 20 బస్తాలు, అంటే ఒక టన్ను అనుకుందాం. 50 కిలోల బస్తాను ఒక మీటరు ఎత్తుకు లేపితే జరిగే పని 50 × 9.8 × 1 = 490 జౌళ్లు. 20 బస్తాలకు 9,800 జౌళ్లు. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తినా బియ్యం మీద జరిగే పని అంతే. తేడా అల్లా ఏమిటంటే, ఆ భారం హమాలీ నడుము మీద పడదు, 20 సార్లకు బదులు ఒక్కసారితో పని ముగుస్తుంది. అందుకే గోడౌనులో నిండు పాలెట్‌ను విప్పకుండా అలాగే తీసి పంపాలని చూస్తారు.

47 బస్తాలను 20తో భాగిస్తే భాగఫలం 2, శేషం 7. రెండు నిండు పాలెట్లను ఫోర్క్‌లిఫ్ట్ తెస్తుంది. మిగతా 7 బస్తాలను విడి బస్తాలుంచే చోటి నుంచి మనుషులు తెస్తారు. గమనించారా? ఇక్కడ మనం దేన్నీ సవరించలేదు. భాగఫలాన్నీ శేషాన్నీ రెండింటినీ వాడుకున్నాం. అలా కాక 2.35 పాలెట్లను దగ్గరి పూర్ణాంకానికి సవరించి రెండే పంపితే? 2,000 కిలోలు మాత్రమే వెళతాయి. 330 కిలోలు తగ్గుతాయి. 55 మంది బియ్యం మాయం!

కంప్యూటరుకు ఏం చెప్పాలి?

ఈ పనిని ఇప్పుడు గోడౌను సాఫ్ట్‌వేర్‌లు చేస్తున్నాయి. కాని కంప్యూటరుకు న్యాయం, అన్యాయం తెలియవు. మనం పెట్టిన నియమాలే తెలుసు. ఆ నియమాలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి: కొలమానాల పట్టిక. 50 కిలోలు ఒక బస్తా, 20 బస్తాలు ఒక పాలెట్. ఇది తప్పితే అన్నీ తప్పుతాయి.

రెండు: ఎక్కడి నుంచి తీయాలి? కావలసిన సంఖ్య 20కి తక్కువ కాకపోతే ముందు నిండు పాలెట్లు, తర్వాత శేషం విడి బస్తాలు.

మూడు: ఏ వైపుకు సవరించాలి? పైకా, కిందికా, దగ్గరికా?

నాలుగు: పాలెట్ నింపే హద్దు. 19 బస్తాలు కావాలంటే, ఒక్క బస్తా కోసం 19 బస్తాలను మనుషులు మోయడం కన్నా నిండు పాలెట్ పంపడం తేలిక. 20లో 19 అంటే 95 శాతం. అందువల్ల "95 శాతం దాటినా, సరిగ్గా అంతే ఉన్నా నిండు పాలెట్ చేయి" అని నియమం పెట్టవచ్చు. సబ్బులమ్మే అంగడికి ఇది బాగానే ఉంటుంది, ఎక్కువ వచ్చిన సబ్బు వచ్చే నెల అమ్ముడవుతుంది. కాని లెక్క ప్రకారం పంచే బియ్యంలో ఆ ఒక్క బస్తా ఇంకో ఊరిది. కనుక ఏ హద్దు పెట్టాలో తేల్చేముందు సరుకు ఎవరిదో అడగాలి.

శేషానికి ఒక ఖాతా

మరి దారి లేదా? ఉంది. పైకి సవరించండి, కాని ఎక్కువ వెళ్లినదాన్ని దుకాణం పేర రాసి, వచ్చే నెల లెక్కలో తీసివేయండి. నెలకు 2,330 కిలోలు కావలసిన మన దుకాణానికే చేసి చూద్దాం.

మొదటి నెల: కావలసినది 2,330. పంపినవి 47 బస్తాలు. మిగులు 20.
రెండో నెల: 2,330 − 20 = 2,310. 47 బస్తాలు. మిగులు 40.
మూడో నెల: 2,330 − 40 = 2,290. 46 బస్తాలు. మిగులు 10.
నాలుగో నెల: 2,330 − 10 = 2,320. 47 బస్తాలు. మిగులు 30.
అయిదో నెల: 2,330 − 30 = 2,300. 46 బస్తాలు. మిగులు సున్న.

అయిదు నెలల్లో 233 బస్తాలు, అంటే 11,650 కిలోలు వెళ్లాయి. 2,330ని 5తో గుణించండి. సరిగ్గా అంతే! ఏ నెలా ఎవరికీ తక్కువ కాలేదు. దుకాణం దగ్గర మిగులు ఎన్నడూ ఒక బస్తాకు చేరలేదు. కాబట్టి 25 దుకాణాల గోడౌనులో 25 బస్తాలు అదనంగా ఉంచుకుంటే చాలు, చివరి ఊరికీ కొరత రాదు. ఖాతా రాయకుండా పైకే సవరిస్తూ పోతే ఈ దుకాణానికి 100 కిలోలు ఎక్కువ వెళ్లేవి. కిందికే సవరిస్తూ పోతే 150 కిలోలు తగ్గేవి.

ఇదేమీ కొత్త ఉపాయం కాదు. మన పంచాంగంలో ఉన్నదే. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులు. సౌరసంవత్సరానికి 365 రోజుల పైచిలుకు. ఏటా దాదాపు 11 రోజుల శేషం. దాన్ని పారేయక కూడబెట్టి, సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసంగా కలుపుతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది ఇందుకే. ఆ ఖాతా లేకపోతే ఉగాది ఒకప్పుడు చలికాలంలోను, ఒకప్పుడు వానల్లోను వచ్చేది.

శేషాన్ని పారేస్తే ఏమవుతుందో కెనడాలో జరిగింది చూడండి. 1982 జనవరిలో వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి ఒక ధరల సూచీని 1,000తో మొదలుపెట్టింది. క్రయవిక్రయాలు జరిగినప్పుడల్లా కంప్యూటరు సూచీని తిరిగి లెక్కగట్టి, మూడు దశాంశ స్థానాలుంచి మిగతాది కత్తిరించేది. అంటే ఎప్పుడూ కిందికే. రోజుకు వేలసార్లు జరిగిన ఆ కత్తిరింపు వల్ల 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గరికి దిగింది. సరిచేసి చూస్తే నిజంగా ఉండవలసినది 1,098కి పైగా! ఒక్కొక్క కత్తిరింపు వెయ్యో వంతుకన్న చిన్నది. అన్నీ ఒకే వైపుకు జరగడమే కొంప ముంచింది.

మీరే చేయండి

ఒక దుకాణానికి 3,890 కిలోలు కావాలి. పైకి సవరిస్తే ఎన్ని బస్తాలు? నిండు పాలెట్లెన్ని, విడి బస్తాలెన్ని? నింపే హద్దు 95 శాతమైతే ఏమవుతుంది, 90 శాతమైతే ఏమవుతుంది?

జవాబు: 78 బస్తాలు. 3 నిండు పాలెట్లు, 18 విడి బస్తాలు. 18 అంటే 20లో 90 శాతం. హద్దు 95 అయితే మార్పు లేదు. 90 అయితే నాలుగో పాలెట్ నిండి 80 బస్తాలు వెళతాయి, 110 కిలోలు మిగులు.

ఆ 110 కిలోలను ఏ ఖాతాలో రాస్తారో కూడా మీ నోటుపుస్తకంలో రాయండి. అది రాసినప్పుడే లెక్క పూర్తయినట్టు.