ఎరుకను హరించునది

గోదావరిఖని పరిసరములలో బొగ్గుగనులు మూడు షిఫ్టులుగా రేయింబవళ్లు నడచుచుండును. షిఫ్టు ముగిసి యింటికి మరలు కార్మికుల మోటారు సైకిళ్లు రాజీవ్ రహదారిపై లారీల నడుమ సాగును. ఆ దారిని క్షేమముగా దాటుటకు కావలసినది దేహబలము కాదు, అవధానము. మద్యము మొదట హరించునది దానినే.

త్రాగిన మద్యము కొద్ది నిమిషములలోనే రక్తములో కలిసి మెదడును చేరును. నాడీకణములను శాంతపరచు గాబా అను రసాయనమునకు అది బలమిచ్చును. వానిని మేల్కొలుపు గ్లుటమేట్ అను రసాయనమును అణచును. అందుచేత మంచిచెడ్డలు నిర్ణయించు మెదడు ముందుభాగము మందగించును. శరీరపు నిలకడను కాచు చిన్నమెదడు తడబడును.

బండి నడుపువాడు దారిని, వేగమును, ఎదుటి దీపములను, ప్రక్కనుండి వచ్చు బాటసారిని ఒక్కసారిగా గమనింపవలెను. త్రాగినవాని దృష్టి ఒకదానిపై నిలిచి తక్కినవానిని విడుచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి అర సెకనులో 8 మీటర్లు దాటును. బ్రేకు వేయుటలో ఆపాటి ఆలస్యమే ఒక ప్రాణమును బలిగొనగలదు.

"నాకేమియు కాలేదు" అని త్రాగినవాడు చెప్పునది అబద్ధము కాకపోవచ్చును. అతడు అట్లే నమ్మును. తన స్థితిని తూచు తక్కెడయే చెడిన పిమ్మట ఆ తూకము నమ్మదగినదా?

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో మద్యము 30 మిల్లీగ్రాములు మించరాదు. 2019 సవరణతో తొలి నేరమునకు ఆరు నెలల వరకు చెర, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చును. కాని ఆ హద్దుకు లోబడినంత మాత్రమున అవధానము చెడలేదని కాదు.

కాలేయము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే ఈ మోతాదును తగ్గించును. కాఫీ గాని, మజ్జిగ గాని, చన్నీటి స్నానము గాని దానిని త్వరపెట్టజాలవు. అర్ధరాత్రి 150 మిల్లీగ్రాములున్నవానికి ఉదయము 6 గంటలకు ఇంకను 60 ఉండును. అతడు తెల్లవారెనని బండి యెక్కి తొలి షిఫ్టుకు పోయి, ఓపెన్ కాస్టు గనిలో డంపరు నడుపబూనినచో అపాయము తోటివారందరిది. రాత్రి షిఫ్టు చేసి నిద్రలేమితో నున్నవాడు త్రాగినచో చేటుకు చేటు తోడగును.

కావున నిర్ణయము త్రాగిన పిమ్మట చేయదగినది కాదు. బండి తాళపుచెవిని ముందే ఇంటివారికి అప్పగించుట, ఆటోలో మరలుట, త్రాగినవాని వెనుక కూర్చుండకుండుట ప్రతి కుటుంబమునకు సాధ్యమే. కాయకమును పూజగా నెంచిన బసవేశ్వరుని మార్గమున ఎరుక లేని కాయకము లేదు. చక్రము పట్టిన చేతిలో తన ప్రాణముతోపాటు ఎదుటివాని ప్రాణమును కలదు.