సెకండ్ హ్యాండ్ మూడు చక్రాల స్కూటరు కొనే ముందు



"సార్, సైడ్ చక్రాలున్న స్కూటీ ఒకటి తక్కువకు వస్తోంది, మా అక్కకు తీసుకోవచ్చా?" అని మా ఫిజియోథెరపీ విభాగంలో అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగేది తమ్ముడో, కొడుకో అయి ఉంటారు. ఆ అక్క మాత్రం పక్కనే కూర్చుని "నాకెందుకు బండి, నాకు భయం" అంటూ ఉంటుంది. ఈ పాఠం ఆమె కోసం, ఆమె తరఫున బండి చూడటానికి వెళ్ళేవారి కోసం.

మన దేశంలో సహజంగా సోకిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అయితే అంతకు ముందు పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళవారు. ఇన్నేళ్ళు చంక కర్రల మీద, చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ మీద నెట్టుకొచ్చారు. ఇప్పుడు వారి భుజాలు అరిగి నొప్పి పెడుతున్నాయి. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్ళ తర్వాత కొందరికి కొత్తగా నీరసం, కండరాల బలహీనత కూడా కనబడుతుంది. వీరికి తోడు షుగర్ వల్ల, ప్రమాదాల వల్ల కాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అక్కడినుంచి ఇంటికి ఉన్న రెండు మూడు కిలోమీటర్లే వీరికి అసలు కష్టం. ఆ దూరం కోసం ఇంకొకరిని అడగనక్కరలేకుండా పోవడం చిన్న విషయం కాదు. కాబట్టి "నాకెందుకు" అనే మాటను మేము అంత తేలికగా ఒప్పుకోము. "నాకు భయం" అనే మాటను మాత్రం శ్రద్ధగా వింటాము, ఎందుకంటే ఆ భయంలో కొంత న్యాయం ఉంది.

పేరుకు ఇది మూడు చక్రాల బండి గాని, లెక్కపెడితే చాలావాటికి నాలుగు ఉంటాయి. మామూలు గేర్లు లేని స్కూటరుకు వెనక చక్రం అలాగే ఉంచి, దానికి అటూ ఇటూ చిన్న చక్రాలు బిగిస్తారు. రెండు బ్రేకులూ చేతిలోనే ఉంటాయి, గేరు కోసం కాలు వాడే పని లేదు. కాళ్ళు బలహీనంగా ఉన్నవారికి ఇది సరిపోవడానికి కారణం అదే.

ఆగి ఉన్నప్పుడు ఈ బండి పడదు. ఇది నిజం, పెద్ద ధైర్యం కూడా. కానీ "సైడ్ చక్రాలుంటే ఇక పడనే పడదు" అని అమ్మేవారు చెప్పే మాట నిజం కాదు. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది. ఇది వాలదు. అందుకని వేగంగా తిప్పితే లోపలి వైపు చక్రం నేలనుంచి లేచి, బండి బయటి వైపుకు తిరగబడుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, హ్యాండిల్‌ను వెళ్ళవలసిన వైపుకు తిప్పి, నడుము పైభాగాన్ని ఆ వైపుకే కొంచెం వంచాలి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతకు ముందు మామూలు స్కూటరు బాగా నడిపినవారికే ఇది మొదట్లో ఇబ్బంది, ఎందుకంటే వాల్చే అలవాటు చేతుల్లో ఉండిపోతుంది. ఎన్నడూ బండి ముట్టని అక్కకు మరిచిపోవలసింది ఏమీ లేదు.

బండికంటే ముందు శరీరం

డాక్టరును అడగకుండా బండికి బయానా ఇవ్వవద్దు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, తరచుగా కళ్ళు తిరిగేవారు, ఇన్సులిన్ తీసుకుంటూ షుగర్ ఉన్నట్టుండి పడిపోయేవారు ఈ ఆలోచనను పక్కన పెట్టి మొదట వైద్యం చూసుకోవాలి. షుగర్ ఉన్నవారు కంటి వెనక పొర పరీక్ష కూడా చేయించుకోవాలి. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పట్టు తప్పినవారికి మామూలుగా బిగించిన బండి పనికిరాదు, ఎందుకంటే ఒక బ్రేకు ఆ చేతి వైపే ఉంటుంది. నడుము పట్టు కూడా ముఖ్యం. వెనక ఆనుకోకుండా స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి కొంతసేపు ఉండగలరా? ఉండలేకపోతే సీటు వెనక ఆనుకునే పట్టీ బిగించిన బండి కావాలి.

స్పర్శ లేని కాళ్ళున్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. సైలెన్సరు కుడివైపు ఉంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కాలు దానికి తగిలినా వారికి తెలియదు, ఇంటికి వెళ్ళాక బొబ్బ చూసుకుంటారు. ఎడమవైపునుంచే ఎక్కడం, సైలెన్సరుకు పూర్తి కవరు ఉండటం, మడమ మూసిన చెప్పులు వేసుకోవడం, ఈ మూడూ తప్పనిసరి. కాలు పలక మీదనుంచి జారకుండా అంచు కట్టించండి. తాడుతో కట్టేయవద్దు, బండి తిరగబడితే కాలు దానికింద చిక్కుకుంటుంది. వెన్నుపూస దెబ్బ తిన్నవారు మెత్తని దిండు వేసుకుని, మధ్యలో బండి ఆపి చేతులమీద ఒళ్ళు పైకెత్తి పిరుదులకు కాస్త విశ్రాంతి ఇవ్వాలి.

చక్రాలు మీ కొలతకు ఉండాలి

ఇంజను చూడటం ఏ మెకానిక్కుకైనా తెలుసు. ఈ బండిలో తేడా వచ్చేది ఇంజనులో కాదు, బిగించిన చట్రంలో. అది ఇంకెవరి ఒంటికో, ఇంకెవరి బరువుకో అమర్చింది. అందుచేత మా సలహా ఇది: స్కూటరు సెకండ్ హ్యాండ్‌ది తీసుకోండి, సైడ్ చక్రాలు మాత్రం కొత్తవి, మీ కొలతకు బిగించుకోండి. ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న కిట్ అయితేనే తీసుకోండి. ఊళ్ళో వెల్డింగు షాపులో ఇనుప పైపులతో చేయించినది చవకగానే వస్తుంది, కాని ఆ అతుకు ఎప్పుడు విడిపోతుందో ఎవరూ చెప్పలేరు.

చక్రాలు ముందే బిగించి ఉన్న బండే తీసుకోవలసి వస్తే, పగటి వెలుతురులో కూర్చుని చూడండి. అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగులు, కొత్తగా పూసిన రంగు కనబడితే అక్కడ ఏదో కప్పిపుచ్చారని అనుకోండి. సైడ్ చక్రాన్ని చేత్తో పట్టి అటూ ఇటూ ఊపండి. కదిలితే బేరింగు పోయింది. వెనకనుంచి కొంచెం దూరంలో నిలబడి చూస్తే రెండు చక్రాలూ నిటారుగా ఉన్నాయో, గొడుగులా విచ్చుకున్నాయో తెలుస్తుంది. టైర్ల మీద నాలుగు అంకెలుంటాయి. 1419 అని ఉంటే 2019లో పద్నాలుగో వారంలో తయారైనదని అర్థం. రబ్బరు పగిలిన టైరు గాట్లు బాగున్నా పనికిరాదు.

అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష స్పీడ్ బ్రేకరు దగ్గర. సైడ్ చక్రాలకు షాక్ అబ్సార్బర్లు లేకుండా గట్టిగా బిగిస్తే, అవి గట్టు ఎక్కినప్పుడు మధ్యలో ఉన్న అసలు వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. ఇంజను తిప్పేది ఆ చక్రాన్నే, వెనక బ్రేకు పనిచేసేదీ దానికే. అంటే ఆ క్షణంలో బండి ముందుకూ పోదు, వెనక బ్రేకూ పట్టదు. వానాకాలం మట్టి రోడ్డులో చక్రం అలాగే తిరుగుతూ ఉండిపోతుంది. అమ్మేవారిని నడపమని చెప్పి, ఒక గట్టు నెమ్మదిగా ఎక్కిస్తుండగా పక్కనుంచి వెనక చక్రాన్ని చూడండి. ఇది చూడకుండా కొనవద్దు.

సెల్ఫ్ స్టార్టు పదిసార్లు వేసి చూడండి, కిక్కు కొట్టడం వీరివల్ల కాదు. రివర్సు సౌకర్యం ఉంటే మంచిది. లేకపోతే ఇంటి సందులో ఇరుక్కున్నప్పుడు ఎవరైనా వచ్చి లాగాలి. 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి కాంబి బ్రేకు లేదా ఏబీఎస్ తప్పనిసరి అయింది. కాంబి ఉంటే ఎడమ బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ పట్టుకుంటాయి. భయపడేవారికి అలాంటిదే చూడండి. చంక కర్రలు పెట్టుకునే చోటు లేకపోతే బండి దిగాక ఏం చేస్తారో కూడా ఆలోచించండి.

కాగితాలు

ఆర్‌సిలో ఛాసిస్ నెంబరు, బండి మీద నెంబరు సరిపోవాలి. బండికి చక్రాలుండి, ఆర్‌సిలో మామూలు స్కూటరు అనే ఉంటే ఆ మార్పుకు అనుమతి లేదన్నమాట. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. పాత ఆర్‌సిలలో "ఇన్వాలిడ్ క్యారేజ్" అని ఉండవచ్చు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి దాన్ని "అడాప్టెడ్ వెహికల్" అన్నారు. పేరు కూడా కొంచెం మర్యాదగా మారింది. మీరే కొత్తగా చక్రాలు బిగించుకుంటే ముందుగా ఆర్.టి.ఎ. కార్యాలయంలో అనుమతి తీసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్సు తీరిపోయి ఉంటే ఫారం 35 తీసుకోండి. కొన్న 30 రోజుల్లోపు బదిలీకి పెట్టాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకు 14 రోజులే గడువు. పదిహేనేళ్ళు దాటిన బండిని మళ్ళీ తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించాలి. అది కొత్త నడిపేవారికి తగిన బండి కాదని మా అభిప్రాయం.

వికలాంగుల సహకార సంస్థ ద్వారా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బండ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. వాటిని అమ్మే హక్కు ఆ వ్యక్తికి ఉందో లేదో ఆ శాఖలో అడిగాకే డబ్బు ఇవ్వండి. మీ దగ్గర సదరం సర్టిఫికెట్ ఉంటే, దరఖాస్తులు పిలిచినప్పుడు మీరే పెట్టుకోవచ్చు కదా.

మొదటి నెల

లెర్నర్స్ లైసెన్సు తీసుకున్నాకే చేతికి బండి ఇవ్వాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక పక్కా లైసెన్సుకు పరీక్ష ఇవ్వవచ్చు. అడాప్టెడ్ వెహికల్ నడపగలిగిన వారికి అవయవ లోపం ఉందన్న కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది.

నేర్చుకోవడానికి మనవైపు మంచి చోటు ప్లాట్లు వేసి ఇంకా ఇళ్ళు కట్టని వెంచర్లు. వెడల్పు రోడ్లు, మనుషులు తక్కువ. కాపలాదారుకు చెప్పి ఉదయం పూట వెళ్ళండి. మొదటి వారం వెనక ఎవరూ కూర్చోకూడదు. నడక వేగంతో మొదలుపెట్టి, ఆపడం నేర్చుకున్నాకే తిప్పడం నేర్పండి. రాళ్ళు రెండు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పించండి. రోడ్డు అంచుకు వాలుగా ఉంటే బండి ఎడమవైపుకు లాగుతుంది, అది కూడా అలవాటు కావాలి. పోయిన వెడల్పు గుర్తుండాలి. ముందు చక్రం గుంత తప్పించినా సైడ్ చక్రం అందులో పడుతుంది. ఇంటివారికి ఒక మనవి. పక్కన పరుగెత్తుతూ "బ్రేక్, బ్రేక్" అని అరవకండి. చెప్పవలసింది బండి ఆగాక చెప్పండి, అదీ ఒకరే చెప్పండి.

నెల దాటినా రాజీవ్ రహదారి మీద అలియాబాద్ చౌరస్తా వైపు, నాగ్‌పూర్ హైవే మీద కండ్లకోయ వైపు వెళ్ళడానికి తొందరపడకండి. లారీలు, టిప్పర్లు, కంపెనీ బస్సులు పక్కనుంచి పోతుంటే గాలికే చేతులు బిగుసుకుంటాయి. ఔటర్ రింగు రోడ్డు మీదికి ఈ బండ్లను రానివ్వరు. పక్కనున్న సర్వీసు రోడ్డే మీ దారి, అక్కడ కూడా ఎదురుగా తప్పుదారిలో వచ్చేవారిని కనిపెట్టుకుని ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ గడ్డం కింద బిగించే బయలుదేరండి.

కొత్తగా బిగించిన చక్రాల బోల్టులు మొదటి నెలలో వదులవుతాయి, మెకానిక్కు దగ్గర మళ్ళీ బిగించుకోండి. తర్వాతిసారి ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు వీలైతే ఆ బండి మీదే రండి. మీరు కూర్చునే తీరు, భుజాల మీద పడే బరువు, తొడల వెనక చర్మం చూసి, సీటు ఎత్తు ఎంత మార్చాలో చెబుతాము.