ఫోనే కంప్యూటర్‌కు కన్ను

సున్నపురాయి మీద సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే ఏమవుతుంది? బుసబుస పొంగి కార్బన్ డై ఆక్సైడ్ బుడగలు వస్తాయి. జగ్గయ్యపేట ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు. అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిసింది అందుకే. కాని పిల్లలూ, మాస్టారు బల్లమీద ఈ ప్రయోగం చేసి చూపిస్తుంటే ఆ బుడగలు ఎందరికి కనబడతాయి? ముందు బెంచీలవాళ్ళకే. వెనకవాళ్ళు చూడకుండానే నోటుపుస్తకంలో రాసుకుంటారు. చూడనిదాన్ని రాసుకోవడం సైన్సు కాదు కదా!

బడిలో కంప్యూటరూ, పెద్ద తెరా ఉంటే దీనికి ఒక ఉపాయం ఉంది. స్మార్ట్‌ఫోన్‌ను కంప్యూటర్‌కు కన్నుగా అమర్చవచ్చు. ఇలా కంప్యూటర్‌కు చూపునిచ్చే కెమెరాను వెబ్‌క్యామ్ అంటారు. ఇది మొదట ఎందుకు పుట్టిందో తెలుసా? కాఫీ కోసం! ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కొందరు మెట్లు దిగివచ్చేసరికి కాఫీ కూజా ఖాళీగా ఉండేది. అందుకని 1991లో కూజాకు ఎదురుగా కెమెరా పెట్టి, తమ కంప్యూటర్లలోనే దాన్ని చూసుకున్నారు. 1993లో ఆ బొమ్మ ఇంటర్నెట్‌కు ఎక్కింది. 2001లో ఆ కెమెరాను ఆపేశారు.

ఇక ఫోను ఏం చేస్తుందో చూద్దాం. కటకం గుండా వచ్చిన కాంతి సెన్సర్ అనే చిన్న బిళ్ళమీద పడుతుంది. అందులో లక్షలాది గళ్ళుంటాయి. ప్రతి గడీ తనమీద పడిన కాంతిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తును కొలిచి ఫోను అంకెలుగా రాసుకుంటుంది. బొమ్మలోని ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు.

ఇప్పుడు లెక్క కట్టండి. అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలున్న బొమ్మలో మొత్తం 9,21,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలనుకోండి. సెకనుకు 30 బొమ్మలు పంపాలంటే 66 కోట్ల 35 లక్షల బిట్లు! యుఎస్‌బి 2.0 తీగ సెకనుకు మోయగలిగింది 48 కోట్ల బిట్లే. మరి బొమ్మ ఎలా వెళ్తుంది?

కుదించి పంపడం వల్ల. గోడంతా తెలుపైతే ప్రతి చుక్కకూ 'తెలుపు' అని వేరువేరుగా చెప్పనక్కరలేదు. బల్ల, రాయి కదలవు, బుడగలే కదులుతాయి. కనుక ముందు బొమ్మకూ తరువాతి బొమ్మకూ ఉన్న తేడా పంపితే చాలు. ఇలా కుదించడం వల్లనే జగ్గయ్యపేట తరగతిలోని ప్రయోగాన్ని ఇంటర్నెట్ ద్వారా నందిగామ పిల్లలు కూడా చూడవచ్చు.

అమర్చే విధానం సులభమే. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఉన్న కొన్ని ఫోన్లలో, తీగతో కంప్యూటర్‌కు తగిలించి యుఎస్‌బి వివరాలలో 'వెబ్‌క్యామ్' ఎంచుకుంటే చాలు. మిగతావాటికి ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఇందుకు తగిన ప్రోగ్రాములు వేయాలి. వైఫై ద్వారానూ పంపవచ్చుగాని, తీగతోనైతే బొమ్మ తడబడడం తక్కువ. ఫోనును రెండు పుస్తకాల దొంతుల మధ్య స్కేలుమీద కదలకుండా నిలపండి. ఆమ్లం తుళ్ళి పడనంత ఎత్తులో ఉంచండి. వెలుతురు పక్కనుంచి పడాలి. ఆమ్లాన్ని మాత్రం మాస్టారే ముట్టుకోవాలి.

ఒక్క హెచ్చరిక. కన్ను తెరిచి ఉన్నంతసేపూ ఎవరో ఒకరు చూడవచ్చు. ఊరూపేరూ తెలియని ప్రోగ్రాముకు కెమెరా అనుమతి ఇవ్వకండి. పని కాగానే తీగ తీసేసి, ఇచ్చిన అనుమతిని రద్దు చేయండి.

చివరగా మీకొక ప్రశ్న: బొమ్మను 1920 × 1080 చుక్కలకు పెంచితే, కుదించక ముందు బిట్లు ఎన్ని రెట్లవుతాయి? కెమెరా ముందు చెయ్యి గబగబా ఊపితే బొమ్మ ఒక్కోసారి ఎందుకు చెదురుతుంది? 'తేడా' అన్న మాట గుర్తుంచుకుని ఆలోచించండి.