క్వాంటమ్ లీప్ అంటే ఎంత పెద్ద గెంతు?

మొన్నటి సుందరకాండ వీడియోలో హనుమంతుడి సముద్ర లంఘనం గురించి చెబుతూ "క్వాంటమ్ లీప్" అనే మాట వాడాను. అక్కడ టైమ్ సరిపోలేదు, ఆ మాట సంగతి ఇక్కడ చూద్దాం.

డిక్షనరీ అర్థం సింపుల్: హఠాత్తుగా వచ్చిన భారీ పురోగతి. "ఎ క్వాంటమ్ లీప్ ఇన్ టెక్నాలజీ" అంటారు. ఏ విషయంలోనో చెప్పడానికి "ఇన్" వస్తుంది. చేశాం అనడానికి "మేక్" గానీ "టేక్" గానీ వాడొచ్చు.

తమాషా ఏంటంటే, ఈ మాట పుట్టిన ఫిజిక్స్‌లో ఆ గెంతు చాలా చిన్నది. 1913లో నీల్స్ బోర్ ఇచ్చిన హైడ్రోజన్ పరమాణు నమూనాలో ఎలక్ట్రాన్ కొన్ని మెట్ల మీదే ఉండగలదు. మొదటి మెట్టు నుంచి రెండోదానికి ఎక్కాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 9 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతి కణం తగిలితే చాలా దూరం ఎక్కి ఆగుతుందా? లేదు, అసలు కదలదు. మధ్యలో నిలబడే చోటే లేదు. అంటే ఈ మాటలో అసలు కిటుకు సైజు కాదు, మధ్య దశ లేకపోవడం.

ఆ లెక్కన సముద్ర లంఘనం పక్కా క్వాంటమ్ లీప్ కాదనే చెప్పాలి! నూరు యోజనాల దారిలో మైనాకుడు, సురస, సింహిక వరుసగా ఎదురయ్యారు కదా. దూరం మహా పెద్దదే, కానీ దారి మొత్తం ఉంది.

"పెద్ద మార్పుకి ఈ మాట వాడటమే తప్పు" అనే వాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ గొడవ అనవసరం అనిపిస్తుంది, భాషలో ఆ అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. హఠాత్తుదనం మాత్రం వదలకూడదు. 2016లో వచ్చిన యూపీఐనే తీసుకోండి. అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టి డబ్బు పంపిన చోట ఫోన్ నంబరు చాలు అన్నారు. అది క్వాంటమ్ లీప్. యాప్‌లో బటన్ రంగు మారిస్తే కాదు.

ఏళ్ల తరబడి గోడలా అడ్డున్న సమస్య ఒక్కసారి వీడిపోతే దానికి "బ్రేక్‌త్రూ" బాగా నప్పుతుంది.

మా టీమ్‌లో ఒక తమ్ముడు ఎనిమిది నెలలు రోజూ అరగంట ముందే వచ్చి ఎస్‌క్యూఎల్ ప్రాక్టీస్ చేశాడు. అప్రైజల్ ఫామ్‌లో మాత్రం "క్వాంటమ్ లీప్ ఇన్ మై స్కిల్స్" అని రాశాడు. డ్రాఫ్ట్ చూసిన మేనేజర్ "ఏం కోర్సు చేశావ్?" అని అడిగారట. ఎనిమిది నెలల పొద్దుటి పూటలు ఆ రెండు మాటల కింద మాయమైపోయాయి! ఇద్దరం కూర్చుని ఆ లైన్ తీసేసి "స్టెడీ ప్రోగ్రెస్" అని పెట్టాం. దాని కింద ఏ నెలలో ఏ రిపోర్టు సొంతంగా రాశాడో వరుసగా వేశాం. లిస్టు పేజీ దాటింది.