కంప్యూటరులో ‘శ్రీ’కారం ప్రయాణం

ఉత్తరం ఆరంభించేటప్పుడు కాగితం నెత్తిన ‘శ్రీ’ అని వ్రాయడం తెలుగువారి పూర్వాచారం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు 1990లలో వ్రాసుకొన్న లేఖలలో కొన్ని కాగితం మీద ఉన్నవి. మరికొన్ని ఫ్లాపీ డిస్కులలో ఉన్నవి. తెలుగు నేర్చిన మనుమరాలు కాగితం మీది లేఖను నేటికీ చదువగలదు. ఫ్లాపీలోని లేఖను చదవడానికి మాత్రం తెలుగు వచ్చినంత మాత్రాన చాలదు. ఈ వ్యత్యాసం ఎందుకు ఏర్పడినదో గ్రహించాలంటే కంప్యూటరులోని మూడు అంగాలను తెలుసుకోవాలి. అవి ప్రవేశ సాధనాలు (ఇన్‌పుట్), నిల్వ సాధనాలు (స్టోరేజి), నిర్గమ సాధనాలు (అవుట్‌పుట్). ‘శ్రీ’ అనే ఒక్క అక్షరాన్ని వెంబడిస్తే ఈ మూడింటి స్వభావమూ బోధపడుతుంది.

ప్రవేశం: మీట నుండి సంఖ్యకు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. కీబోర్డు మీద మీటను నొక్కినప్పుడు దాని అడుగున ఒక విద్యుద్వలయం పూర్తి అవుతుంది. ఏ అడ్డువరుస, ఏ నిలువువరుస కలిసినవో కీబోర్డులోని చిన్న చిప్పు కనిపెట్టి, ఆ మీట సంఖ్యను లోపలికి పంపుతుంది. ఆ సంఖ్యకు ఏ అక్షరాన్ని కేటాయించాలన్నది సాఫ్ట్‌వేరు నిర్ణయిస్తుంది.

మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ షోల్స్ రూపొందించిన టైపుమిషను 1870లలో విపణికి వచ్చింది. నేటి ఇంగ్లీషు కీబోర్డుల అక్షరక్రమానికి మూలం అదే. అందులో తెలుగుకు చోటు లేదు. ఈ చిక్కును అధిగమించడానికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల ఆరంభంలో ఒక లిప్యంతరీకరణ పద్ధతి రూపొందింది. దానికి ‘ఆర్‌టిఎస్’ అని పేరు. అందులో చిన్న ‘టి’ కొడితే ‘త’, పెద్ద ‘టి’ కొడితే ‘ట’. పెద్ద ‘ఎస్’, చిన్న ‘ఆర్’, పెద్ద ‘ఐ’ వరుసగా కొడితే ‘శ్రీ’ సిద్ధిస్తుంది.

నిల్వ: సంఖ్య నుండి పదార్థానికి

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి 128 స్థానాలను కేటాయించింది. ఆ ప్రకారం ‘శ్రీ’ ఒక్క అక్షరంగా కనిపించినా నాలుగు సంకేతాల సముదాయం: శ (3126), పొల్లు (3149), ర (3120), దీర్ఘమైన గుడి (3136). యుటిఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. అనగా ‘శ్రీ’కి పన్నెండు బైట్లు, బైటుకు ఎనిమిది బిట్ల వంతున తొంభైఆరు సున్నలు, ఒకట్లు.

ఈ సున్నలను, ఒకట్లను ఏదో ఒక పదార్థం మీద గుర్తించాలి. ఐబిఎం సంస్థ 1956లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రూపొందించిన తొలి డిస్కు యంత్రంలో రెండడుగుల వ్యాసం గల పళ్ళేలు యాభై ఉండేవి. వాటి మీది అయస్కాంతపు పూతలో యాభై లక్షల అక్షరాలు ఇమిడేవి. తరువాత వచ్చిన ఫ్లాపీలోనూ సూత్రం అదే: పలుచని ప్లాస్టిక్ బిళ్ళ మీద అయస్కాంతపు పూత. ఫ్లాష్ మెమరీలో అయస్కాంతం లేదు. నిరోధక పొరల నడుమ చిక్కుపడిన ఎలక్ట్రానులే గుర్తులు.

రెండు వేల సంకేతాల తెలుగు లేఖకు ఆరు వేల బైట్లు పడతాయి. 14,74,560 బైట్లు పట్టే ఫ్లాపీలో అటువంటి లేఖలు 245 ఇముడుతాయి. అదే అమ్మమ్మ కంఠస్వరాన్ని సీడీ నాణ్యతతో ఒక్క నిమిషం భద్రపరచాలంటే ఏడు ఫ్లాపీలు కూడా చాలవు.

నిర్గమం: సంఖ్య నుండి రూపానికి

నిల్వలోని నాలుగు సంఖ్యలను మరల ‘శ్రీ’గా చూపడానికి ఖతి (ఫాంటు) కావాలి. శకారానికి రవత్తు, గుడి దీర్ఘం ఎక్కడ చేర్చాలన్న నియమాలు ఖతిలో ఉంటాయి. ఏర్పడిన రూపం చుక్కలుగా విడిపోయి తెరకు చేరుతుంది. ద్రవస్ఫటికపు తెరలో విద్యుత్పీడనాన్ని బట్టి అణువుల అమరిక మారి, వెలుతురును పోనిస్తుంది లేదా అడ్డగిస్తుంది. ద్రవస్ఫటికాల స్వభావాన్ని 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు. వాటితో దృశ్యఫలకాలు చేయవచ్చునని 1960లలో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో ఆర్‌సిఎ పరిశోధకులు నిరూపించారు.

మూడింటి పొందిక

1990లలో అనేక తెలుగు ఖతులు తమ సొంత సంకేతాలను వాడుకొన్నవి. ఒక ఖతిలో ‘శ్రీ’ని సూచించే సంఖ్య మరొక ఖతిలో వేరొక అక్షరాన్ని సూచించేది. ఆ ఖతి లేని కంప్యూటరులో లేఖను తెరిస్తే తెర మీద అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. నిల్వలోని బిట్లలో ఒక్కటీ చెడలేదు; వాటి భావం చెప్పే ఒడంబడిక మాత్రమే లోపించింది.

ఆర్‌టిఎస్‌లో వ్రాసిన లేఖలకు ఈ గతి పట్టలేదు. వాటిలో నిలిచి ఉన్నవి రోమన్ అక్షరాలు. 1963 నుండి ఉన్న ‘ఆస్కీ’ ప్రమాణం వాటి సంఖ్యలను స్థిరపరచినందున నేటి కంప్యూటరు కూడా వాటిని చదువుతుంది. మన లిపికి యూనికోడ్ అటువంటి స్థిరత్వాన్నే ప్రసాదించింది.

పదార్థం శాశ్వతం కాదు

ఒడంబడిక సరిగా ఉన్నా పదార్థం క్షీణిస్తుంది. కొన్ని అయస్కాంత టేపులలో పూతను పట్టి ఉంచే పాలియురిథేన్ బంధకం గాలిలోని తేమతో జలవిశ్లేషణ చెంది జిగురుగా మారుతుంది. ఇంటిలో వ్రాసుకొనే సీడీలలోని సేంద్రియ రంజనం వెలుతురుకు వెలుస్తుంది. ఫ్లాష్ మెమరీలోని ఎలక్ట్రానులు ఏళ్ళ తరబడి వాడక ఉంచితే మెల్లమెల్లగా జారిపోతాయి. చదివే యంత్రాలు అంతకన్న ముందే కనుమరుగు కావచ్చు: 2011లో సోనీ సంస్థ జపానులో ఫ్లాపీల అమ్మకాన్ని నిలిపివేసింది.

తాళపత్రాలకు కూడా పురుగు, తేమ శత్రువులే. అయినా ప్రాచీన కావ్యాలు మనకు దక్కినవంటే ఆకు గట్టిదై కాదు. తరతరాల లేఖకులు ప్రతులు వ్రాయడం వల్ల. పంతొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ శిథిల తాళపత్రాలను సేకరించి, పండితులకు వేతనాలిచ్చి శుద్ధప్రతులు వ్రాయించాడు.

అమెరికాలోని ప్రతి తెలుగు ఇల్లూ ఈ పనిని తన మేరకు చేసుకోవచ్చు. ముందుగా ఫ్లాపీలను, క్యాసెట్లను చదివే యంత్రాన్ని సంపాదించి, వాటిలో ఉన్నదానిని నేటి డిస్కులోనికి ఎక్కించాలి. పాత ఖతుల లేఖలను యూనికోడ్‌లోనికి మార్చాలి. ఒక ప్రతిని ఇంటిలోను, మరొక ప్రతిని వేరొక ఊరిలోని బంధువుల వద్దను ఉంచాలి. కొన్నేళ్ళకొకసారి తెరిచి చూచి, కొత్త సాధనంలోనికి మరల ఎత్తి వ్రాయాలి. ఉత్తరం వ్రాసిన తాతగారు, ఆ ఊరు, ఆ పేర్లు తెలిసినవారు ఇంటిలో ఉండగానే ఈ పని పూర్తి చేయడం మేలు. బిట్లను యంత్రం చదువుతుంది. ఎవరిని గురించి వ్రాసినదో చెప్పవలసినది మాత్రం పెద్దలే.