గుర్తింపు కార్డు – మన గోప్యత

ప్రతి సంవత్సరము జూన్ మాసమున కోఠిలోని పాతపుస్తకముల దుకాణములయొద్ద విద్యార్థులు గుమిగూడుదురు. చేరువనే జెరాక్సు యంత్రములు ఎడతెగక పనిచేయుచుండును. అచ్చట నొకనాడు మేము కాగితములకై వేచియుండగా, చెడిన ప్రతులు వేయు బుట్టలో పైననే యొక ఆధార్ కార్డు ప్రతి కనబడెను. పేరు, పుట్టిన తేది, ఇంటి చిరునామా, 12 అంకెల సంఖ్య, అన్నియు స్పష్టముగనే యుండెను. దానిని చించివేసితిమి గాని, ఆ బుట్ట యడుగున నింక నెన్ని గలవో!

ఆధార్ సంఖ్య మొట్టమొదట 2010 సెప్టెంబరు 29వ తేదిని మహారాష్ట్రమందలి తెంభలీ గ్రామమున నీయబడెను. దానికై పదివ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపల చిత్రములను, ముఖచిత్రమును గైకొందురు. కాగితమేదియు లేని పేదవాడు తాను ఫలానా యని చూపుకొనుటకు అది అక్కఱకు వచ్చుననుట నిజమే. కాని తాళపుచెవి పోయినచో తాళమును మార్చుకొనవచ్చును. వ్రేలిముద్ర పరుల చేజిక్కినచో వ్రేలిని మార్చుకొనలేము. మఱియు, కూలిపనిచే వ్రేళ్లరిగిన ముదుసలులను చౌకధరల దుకాణములోని యంత్రము గుర్తింపక త్రిప్పిపంపుటయు గలదు.

మనుష్యులను ముద్రలతో పట్టికకెక్కించుట తెలుగునేలకు క్రొత్త గాదు. బాపట్ల చెంత స్టూవర్టుపురమున ఎరుకలవారి కుటుంబములను క్రిమినల్ ట్రైబ్స్ చట్టముక్రింద నుంచిరి. నేరము చేసినారని కాదు, ఆ కులమున బుట్టినారని పేరులు వ్రాసికొనిరి, హాజరు పిలిచిరి, చీటీ లేనిదే యూరు దాటనీయలేదు. 1911వ సంవత్సరపు చట్టమే వ్రేలిముద్రలు గైకొనుట కధికారమిచ్చెను. ఆ వసతిని నడిపినది సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘము. చదువు చెప్పినదియు వారే, హాజరుపట్టీ పట్టినదియు వారే. క్రైస్తవులమగు మేము ఈ మాటను దాచుట తగదు. ఆ చట్టము 1952లో దేశమంతటను రద్దయ్యెను గాని, ఆ యూరిపేరు అచ్చటి బిడ్డలను చాలకాలము వెంటాడెను.

కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి గైకొనిన పుట్టస్వామిగారు 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. మఱుసటి యేడు సెప్టెంబరు 26న ఐదుగురి ధర్మాసనము, ఒకరు భిన్నాభిప్రాయము వ్రాయగా, ప్రభుత్వ సహాయములకు ఆధార్ నడుగవచ్చుననియు, బడిలో చేర్చుకొనుటకు మాత్రము దానిని తప్పనిసరి చేయరాదనియు జెప్పెను. ఈ కడపటి సంగతి ఉపాధ్యాయులలోనే పలువురికి దెలియదు.

చర్మముక్రింద చిప్పు పెట్టుదురా యని విద్యార్థులు మమ్ము నడుగుచుందురు. స్వీడన్ దేశమున కొన్నివేలమంది బియ్యపుగింజంతటి చిప్పును ఇష్టపడియే చేతిలో పెట్టించుకొనిరి. అది యంత్రమునకు మిక్కిలి దగ్గఱగా చేయి చాపిననే పలుకును. జేబులోని ఫోను అంతకంటె వాచాలము. మన మెచ్చట నున్నదియు నది రేయింబవళ్లు చెప్పగలదు.

విద్యార్థులారా, జెరాక్సు దుకాణమున చెడిన ప్రతిని అడిగి తెచ్చుకొనుడు. కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ కార్డును వెబ్‌సైటునుండి దింపుకొనవచ్చును. వ్రేలిముద్రలకు అచ్చటనే తాళము వేసికొనవచ్చును.

ఇప్పుడు విద్యార్థులకు అపార్ అను మఱియొక 12 అంకెల సంఖ్య నిచ్చుచున్నారు. దానికి తలిదండ్రుల సమ్మతిపత్రము కావలెను. మేము పత్రములు పంచగా, మఱునాడే దాదాపు అన్నియు సంతకములతో వచ్చెను, చదివినవారు కానరాలేదు. తెలుగున అర్థము వ్రాసి మరల నిండ్లకు పంపితిమి. ఒక తండ్రి మాత్రము వెనుకవైపున రెండు ప్రశ్నలు వ్రాసెను: దీనిని ఎవరెవరు చూతురు? మావాడు చదువు మానిన పిమ్మట దీని నేమి చేయుదురు? మొదటిదానికి మాకు దెలిసినంత వ్రాసితిమి. రెండవదాని నింకను విచారించుచున్నాము.